ఒక పేరు, ఎనిమిది బాణీలు: గ్లెన్ మిల్లర్ ఆల్బమ్ చరిత్ర

చరిత్ర పుస్తకంలో రెండో ప్రపంచ యుద్ధం పాఠం తీస్తే తేదీలు, దేశాల పేర్లు, ఒప్పందాలు కనిపిస్తాయి. ఆ రోజుల్లో మామూలు జనం ఇంట్లో కూర్చుని ఏం విన్నారో ఆ పాఠంలో ఉండదు. అందుకని నేను ఈ వ్యాసానికి ఒక పాటల ఆల్బమ్‌ని తీసుకున్నాను. 1945లో అమెరికాలో విక్టర్ కంపెనీ నాలుగు గ్రామఫోన్ ప్లేట్లను ఒక అట్టపుస్తకంలో పెట్టి అమ్మింది. దాని పేరు ‘గ్లెన్ మిల్లర్’. అది ఆ బ్యాండు నాయకుడి పేరే. ఆయన ట్రాంబోన్ వాయించేవారు. ఆ అట్టపుస్తకం జనం చేతికి వచ్చేసరికి ఆయన లేరు.

అట్ట మీద ఒక్క పేరే ఉంది. లోపలి ఎనిమిది బాణీల్లో మాత్రం చాలామంది ఉన్నారు. రష్యా పడవవాళ్ళు ఉన్నారు, అలబామా రాష్ట్రపు నల్లజాతి వాద్యకారులు ఉన్నారు, ఒక హోటల్ టెలిఫోన్ కూడా ఉంది. ఆ పేరు వెనక ఎవరెవరు ఉన్నారో లెక్కపెడుతూ వింటేనే ఈ ఆల్బమ్ విలువ బాగా తెలుస్తుందని నా అభిప్రాయం.

ఆల్బమ్ అంటే అట్టపుస్తకం

ఇప్పుడు ఆల్బమ్ అంటే ఫోన్‌లో ఒక బొమ్మ, దాని కింద పాటల వరుస. అప్పట్లో అది చేత్తో మోసే వస్తువు. మన ఇళ్ళల్లో పెళ్ళి ఫోటోల ఆల్బమ్ ఉంటుంది కదా, దాదాపు అలాగే ఉండేది. రెండు గట్టి అట్టలు, మధ్యలో కాగితపు సంచులు, ఒక్కో సంచిలో ఒక్కో ప్లేటు. ఆ పోలిక వల్లే దానికి ఆల్బమ్ అన్న పేరు వచ్చింది. ప్లేటు నిమిషానికి 78 సార్లు తిరిగేది. 10 అంగుళాల ప్లేటులో ఒక్కో వైపు సుమారు 3 నిమిషాల సంగీతమే పట్టేది. నాలుగు ప్లేట్లంటే ఎనిమిది వైపులు, ఎనిమిది బాణీలు. అన్నీ కలిపినా అరగంట దాటదు. ప్రతి మూడు నిమిషాలకీ ఎవరో ఒకరు లేచి ప్లేటు తిప్పాలి, లేదా మార్చాలి. ఎక్కువ సేపు మోగే ఎల్‌పీ రికార్డులు 1948లో గానీ రాలేదు.

ఆ ప్లేట్లు దేనితో చేసేవారో చూస్తే మన దేశం కథలోకి వస్తుంది. వాటిలో రాతిపొడి, మసి కలిపేవారు. అవన్నీ అతుక్కుని గట్టిపడడానికి వాడింది లక్క. పాండవుల కోసం దుర్యోధనుడు కట్టించిన లక్క ఇంటి కథ మనకందరికీ తెలుసు. ఆ లక్కే ఇది. మోదుగ, కుసుమ, రేగు చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు పట్టి ఈ జిగురు వదులుతాయి. కొమ్మలు నరికి, లక్క గీకి, కడిగి, కరిగించి పలచని రేకులుగా తీస్తారు. లక్క ఎక్కువగా దొరికేది మన దేశంలోనే. ఛోటానాగపూర్ అడవులు, వాటిని ఆనుకుని ఉన్న మన ఒడిశా ఉత్తరపు అడవులు అందుకు పేరు పడ్డాయి. మన తాతల కాలంలో పద్యనాటకాల ప్లేట్లు కూడా ఈ లక్కతోనే చేశారు. మిల్లర్ ప్లేటయినా, హరిశ్చంద్ర పద్యాల ప్లేటయినా పదార్థం ఒక్కటే. కింద పడితే రెండూ ఒకేలా పగిలేవి.

యుద్ధం వచ్చాక ఓడలు తిరగడం కష్టమైంది. పైగా లక్క సైన్యానికి కూడా కావాల్సి వచ్చింది. 1942లో అమెరికా ప్రభుత్వం ప్లేట్ల తయారీకి వాడే లక్కను బాగా తగ్గించేసింది. పాత ప్లేట్లు తిరిగి ఇవ్వండి, కరిగించి కొత్తవి చేస్తాం అని కంపెనీలు జనాన్ని అడిగాయి. అలాంటి కరువు రోజుల్లో నాలుగు ప్లేట్ల పుస్తకం తేవడమంటే, జనం కొంటారని కంపెనీకి గట్టి నమ్మకం ఉండి ఉండాలి.

ట్రాంబోన్ పట్టిన కుర్రవాడు

గ్లెన్ మిల్లర్ 1904 మార్చి 1న అయోవా రాష్ట్రంలో క్లారిండా అనే చిన్న ఊరిలో పుట్టారు. ఉన్నవాళ్ళేమీ కారు. కుటుంబం ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారుతూ వచ్చింది. చిన్నప్పుడు ఆవుల పాలు పితికి సంపాదించిన డబ్బుతో మొదటి ట్రాంబోన్ కొనుక్కున్నారని ఆయన జీవిత కథలో చెబుతారు.

ట్రాంబోన్ ఎలా ఉంటుందో తెలియని వాళ్ళ కోసం నాలుగు మాటలు. అది పొడవైన ఇత్తడి గొట్టం. ట్రంపెట్‌కి ఉన్నట్టు నొక్కే మీటలు మామూలుగా దీనికి ఉండవు. ఒక గొట్టం మీద ఇంకో గొట్టం ముందుకీ వెనక్కీ జారుతుంది. జారే దారిలో ఏడు స్థానాలు ఉంటాయి. వాటి మీద గీతలు ఏమీ ఉండవు. చెయ్యి ఎక్కడ ఆగాలో చెవే చెప్పాలి. కొంచెం అటూ ఇటూ అయినా అపస్వరమే. అందుకే ఇది నేర్చుకోవడం కష్టం. కానీ స్వరం నుంచి స్వరానికి జారడంలో, మన గమకంలాగా, దీనికి ఒక ప్రత్యేకమైన అందం ఉంది.

మిల్లర్ కాలేజీ చదువు మధ్యలోనే వదిలేసి బ్యాండుల్లో చేరారు. బెన్ పొలాక్ అనే నాయకుడి బ్యాండులో ఆయనకు ఒంటరిగా వాయించే అవకాశాలు వచ్చేవి. 1928లో ఆ బ్యాండులోకి జాక్ టీగార్డెన్ అనే ఇంకో ట్రాంబోన్ కళాకారుడు వచ్చాడు. ఆయన జాజ్ చరిత్రలోనే గొప్ప ట్రాంబోన్ వాద్యకారుల్లో ఒకడు. దాంతో మిల్లర్ వంతు బాగా తగ్గిపోయింది.

ఈ సంఘటన నాకు చాలా ముఖ్యంగా కనిపించింది. తనకంటే బాగా వాయించేవాడు పక్కనే కూర్చుంటే మనిషి ఏం చేస్తాడు? అలిగి వెళ్ళిపోవచ్చు, అసూయతో కూర్చోవచ్చు. మిల్లర్ తన దారి వేరే ఉందని గ్రహించారు. ఒక బాణీని తీసుకుని ఏ వాద్యం ఎప్పుడు రావాలి, ఎవరు ఏ స్వరం వాయించాలి అని కాగితం మీద రాయడం నేర్చుకున్నారు. ఈ పనిని అరేంజ్‌మెంట్ అంటారు. జోసెఫ్ షిలింగర్ అనే గురువు దగ్గర పాఠాలు చెప్పించుకున్నారు. ఆ పాఠాల్లో అభ్యాసంగా రాసిన బాణీయే తర్వాత ‘మూన్‌లైట్ సెరెనేడ్’ అయింది.

1937లో సొంత బ్యాండు పెట్టారు. అది నిలబడలేదు. 1938 జనవరి మొదట్లో దాన్ని మూసేశారు. రెండు మూడు నెలలకే మళ్ళీ ఇంకో బ్యాండు కట్టారు. 1939 వేసవిలో న్యూయార్క్ దగ్గరి గ్లెన్ ఐలాండ్ కాసినోలో వాయించే అవకాశం వచ్చింది. అక్కడి కార్యక్రమాలు రేడియోలో ప్రసారమయ్యేవి. దాంతో దేశమంతా ఆ బ్యాండు పేరు తెలిసింది.

ముందు నడిచేది క్లారినెట్

బిగ్ బ్యాండ్ అంటే సుమారు 15 నుంచి 17 మంది ఉండే జాజ్ బృందం. ట్రంపెట్లు ఒక వరుస, ట్రాంబోన్లు ఒక వరుస, శాక్సాఫోన్లు ఒక వరుస. వెనక పియానో, గిటార్, బేస్, డ్రమ్స్ తాళం చూసుకుంటాయి. ఇలాంటి బ్యాండులు అప్పట్లో అమెరికాలో ఊరికొకటి ఉండేవి. టామీ డోర్సీ కూడా ట్రాంబోన్ నాయకుడే. డోర్సీ ముందు నిలబడి తన ట్రాంబోన్‌తోనే పాటంతా నడిపించేవారు. బ్యాండు గుర్తు ఆయన ట్రాంబోనే.

మిల్లర్ అలా చేయలేదు. ఆయన బ్యాండు గుర్తు క్లారినెట్. మన పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మేళం వస్తే ముందు వినిపించేది కూడా క్లారినెట్టే కదా, కాబట్టి ఆ గొంతు మనకు కొత్త కాదు. మిల్లర్ ఏం చేశారంటే, అసలు బాణీని క్లారినెట్‌కి ఇచ్చారు. అదే బాణీని ఒక టెనర్ శాక్సాఫోన్ ఒక స్థాయి కింద వాయిస్తుంది. మిగతా మూడు శాక్సాఫోన్లు ఆ రెండింటి మధ్యలో వేరే వేరే స్వరాలు పట్టుకుంటాయి. ఐదు వాద్యాలూ ఒకే ఊపిరితో కదులుతాయి. ఆ క్లారినెట్ వాయించినది విల్బర్ ష్వార్ట్జ్. వేరే బ్యాండుల్లో శాక్సాఫోన్ పైన ఉండే చోట ఇక్కడ క్లారినెట్ ఉండడం వల్ల పాట రెండు సెకన్లు మోగగానే ‘ఇది మిల్లర్‌ది’ అని గుర్తుపట్టేవారు.

అంటే ట్రాంబోన్ నాయకుడు తన ట్రాంబోన్‌ని నలుగురిలో ఒకటిగా వెనక వరుసలో పెట్టారన్నమాట. ఈ ఆల్బమ్‌లో ఆయన ఒంటరి వాయిద్యం కోసం వెతికితే నిరాశ తప్పదు. ఆయన్ని వెతకాల్సింది మొత్తం అమరికలో.

ఎనిమిది బాణీలు

ఈ ఎనిమిదిటిలో ఒక్క గాయకుడూ లేడు. బ్యాండులో రే ఎబర్లీ, మారియన్ హటన్ లాంటి మంచి గాయకులు ఉన్నా, ఈ ఆల్బమ్‌కి వాద్య సంగీతమే తీసుకున్నారు. కాబట్టి ఇంగ్లీషు రాకపోయినా ఎవరైనా వినవచ్చు. నేను విన్న వరసలో కాకుండా, రికార్డు చేసిన తేదీల వరసలో చెబుతాను.

మొదటిది ‘మూన్‌లైట్ సెరెనేడ్’, 1939 ఏప్రిల్ 4. మిల్లర్ స్వయంగా కట్టిన బాణీ. పైన చెప్పిన క్లారినెట్ అమరిక బాగా తెలియాలంటే ఇదే వినాలి. తొందర ఎక్కడా ఉండదు.

ఆరు రోజుల తర్వాత ‘లిటిల్ బ్రౌన్ జగ్’. ఇది 1869 నాటి జానపద శైలి పాట. మద్యం కూజా మీద సరదాగా కట్టినది. బిల్ ఫినెగన్ అనే యువకుడు దాన్ని డాన్సు బాణీగా మార్చి రాశాడు.

1939 ఆగస్టు 1న ‘ఇన్ ద మూడ్’. ఈ ఆల్బమ్‌లో లోకమంతా తెలిసినది ఇదే. మధ్యలో టెక్స్ బెనెకీ, అల్ క్లింక్ అనే ఇద్దరు శాక్సాఫోన్లతో ప్రశ్న జవాబులా వాయిస్తారు. చివర చిన్న స్వర గుచ్ఛం ఒకటి మళ్ళీ మళ్ళీ వస్తుంది, ప్రతిసారీ నెమ్మదిస్తుంది. అయిపోయింది అనుకుని డాన్సు చేసేవాళ్ళు ఆగిపోయే సమయానికి బ్యాండంతా ఒక్కసారిగా గట్టిగా అందుకుంటుంది. దాగుడుమూతల్లో ఎవరో వెనక నుంచి ‘భౌ’ అన్నట్టు ఉంటుంది.

1940 జనవరిలో ‘స్టార్ డస్ట్’. హోగీ కార్మైకల్ 1927లో కట్టిన బాణీ. అప్పటి బ్యాండుల్లో దీన్ని వాయించనివారు అరుదు. మిల్లర్‌ది నిదానంగా సాగే పద్ధతి.

1940 ఫిబ్రవరి 5న ‘టక్సెడో జంక్షన్’. దీని గురించి తర్వాత వివరంగా రాస్తాను. ఇందులో ట్రంపెట్లు, ట్రాంబోన్ల నోటికి టోపీలాంటి మూతలు పెట్టి తీసి ‘ఊ-వా, ఊ-వా’ అనిపిస్తారు. ట్రాంబోన్లు బాగా వినపడేది ఇక్కడే.

1940 ఏప్రిల్‌లో ‘పెన్సిల్వేనియా 6-5000’. ఇది న్యూయార్క్‌లోని పెన్సిల్వేనియా హోటల్ టెలిఫోన్ నంబరు. ఆ హోటల్లో బ్యాండు వాయించేది. పాటలో టెలిఫోన్ గంట మోగుతుంది, వాద్యకారులందరూ కలిసి ఆ నంబరు అరుస్తారు. ఇంతే మాట, మిగతాదంతా వాద్యమే. ఆ హోటల్ ఇప్పుడు లేదు, కూల్చేశారు. నంబరు మాత్రం పాటలో మిగిలింది.

1941 జనవరి 17న ‘సాంగ్ ఆఫ్ ద వోల్గా బోట్‌మెన్’. వోల్గా నది ఒడ్డున నడుస్తూ సరుకు పడవల్ని తాళ్ళతో లాగే కూలీల పాట ఇది. మన పడవవాళ్ళ ‘హైలెస్సా’ లాంటిది. ఒక గుంపు బాణీ మొదలుపెట్టగానే ఇంకో గుంపు వెనక నుంచి అదే బాణీ అందుకుంటుంది. బరువు లాగుతున్నట్టే అనిపిస్తుంది. దీనికీ ఫినెగనే అమరిక రాశాడు.

చివరిది ‘అమెరికన్ పెట్రోల్’, 1942 ఏప్రిల్ 2. ఇది 1885 నాటి కవాతు బాణీ. సైనికులు దూరం నుంచి వచ్చి, మన ముందు నుంచి దాటి, వెళ్ళిపోతున్నట్టు దాన్ని మొదట కట్టారు. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి అప్పటికి నాలుగు నెలలు కాలేదు. నిజమైన సైనికులే ఊళ్ళ నుంచి వెళ్ళిపోతున్న సమయంలో మిల్లర్ ఈ కవాతును డాన్సు బాణీగా మార్చి వాయించారు.

పేరు ఎవరిది?

ఇప్పుడు ‘టక్సెడో జంక్షన్’ సంగతి. అలబామా రాష్ట్రంలో బర్మింగ్‌హామ్ నగరం ఉంది. అక్కడ ఎన్‌స్లీ అనే పారిశ్రామిక పేటలో ట్రాము దారులు కలిసే కూడలి పేరు టక్సెడో జంక్షన్. అప్పట్లో దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళకు బడి వేరు, బండిలో సీటు వేరు, తిండి తినే చోటు వేరు. ఆ కూడలి చుట్టుపక్కల నల్లజాతి జనం పాటలకీ డాన్సులకీ చేరేవారు. ఆ నగరం నుంచి వచ్చిన ట్రంపెట్ కళాకారుడు ఎర్స్‌కిన్ హాకిన్స్. ఆయన, ఆయన బ్యాండులోని బిల్ జాన్సన్, జూలియన్ డాష్ కలిసి ఈ బాణీ కట్టారు. 1939లో వాళ్ళే మొదట రికార్డు చేశారు. తమ ఊరి కూడలి పేరునే దానికి పెట్టుకున్నారు.

కొన్ని నెలల తర్వాత మిల్లర్ బ్యాండు దాన్ని వాయించింది. మొదటి వారంలోనే లక్షకు పైగా ప్లేట్లు అమ్ముడయ్యాయని చెబుతారు. హాకిన్స్ ప్లేటు కూడా బాగానే అమ్మింది గానీ, ఇంత కాదు.

‘ఇన్ ద మూడ్’ కథ ఇంకా పొడవు. దాని ముఖ్యమైన స్వర గుచ్ఛం 1930లో వింగీ మనోన్ ప్లేటులో ఉంది. 1931లో ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండు ప్లేటులోనూ ఉంది. జో గార్లండ్ అనే నల్లజాతి శాక్సాఫోన్ కళాకారుడు దాన్ని తీసుకుని పూర్తి బాణీగా చేశాడు. 1938లో ఎడ్గర్ హేస్ బ్యాండు రికార్డు చేసింది. గార్లండ్ దాన్ని ఆర్టీ షా బ్యాండుకి కూడా ఇచ్చాడు. అది ప్లేటు ఒక వైపుకి పట్టనంత పొడవుగా ఉండడంతో షా రికార్డు చేయలేదు. ఆ తర్వాత మిల్లర్ చేతికి వచ్చింది. ఆయన దాన్ని కత్తిరించారు, మూడు నిమిషాల్లో కూర్చారు, చివర ఆ దాగుడుమూతలు పెట్టారు.

మనకు ఒక సామెత ఉంది: సొమ్మొకడిది, సోకొకడిది. ఈ ఆల్బమ్‌కి ఆ సామెత వర్తిస్తుందా? నేను ఈ ప్రశ్న గురించి చాలా ఆలోచించాను.

కొంత వర్తిస్తుంది. జాజ్ సంగీతమే నల్లజాతి ప్రజల నుంచి పుట్టింది. మిల్లర్ బ్యాండులో అందరూ తెల్లవాళ్ళే. పెద్ద హోటళ్ళు, రేడియో కార్యక్రమాలు తెల్ల బ్యాండులకు తేలిగ్గా దొరికేవి. హాకిన్స్ ఎంత బాగా వాయించినా ఆ తలుపులు అలా తెరుచుకోలేదు. అప్పటికే బెన్నీ గుడ్‌మన్ అనే తెల్ల నాయకుడు 1936 నుంచి టెడ్డీ విల్సన్, లయొనెల్ హాంప్టన్ అనే నల్లజాతి కళాకారుల్ని తన పక్కన వేదిక మీద కూర్చోబెట్టుకున్నారు. అంటే ఆ రోజుల్లో కూడా అది అసాధ్యమేమీ కాదు. మిల్లర్ ఆ పని చేయలేదు. ఆయన్ని మెచ్చుకునేటప్పుడు ఈ మాట దాచకూడదు.

కానీ పూర్తిగా వర్తించదు. మిల్లర్ ఆ బాణీలు తనవని చెప్పుకోలేదు. ప్లేటు లేబుల్ మీద గార్లండ్ పేరు, హాకిన్స్ పేరు రచయితలుగా ఉన్నాయి. చిన్న అక్షరాలే గానీ ఉన్నాయి. పైగా హాకిన్స్ ప్లేటూ మిల్లర్ ప్లేటూ రెండూ పక్కపక్కన వింటే అవి ఒకటి కావు. హాకిన్స్‌ది కూడలిలో జనం మధ్య నిలబడి వింటున్నట్టు ఉంటుంది. మిల్లర్‌ది ఇంకా నిదానంగా, ప్రతి మూలా తుడిచి సర్దినట్టు ఉంటుంది. ఒకే వంటని ఇద్దరు వండినట్టన్నమాట. నాకు ‘టక్సెడో జంక్షన్’ వరకు హాకిన్స్‌దే ఎక్కువ నచ్చింది. ‘ఇన్ ద మూడ్’ మాత్రం మిల్లర్ కత్తెర పడ్డాకే దానికి ఆ రూపం వచ్చిందని ఒప్పుకోవాలి.

యుద్ధంలోకి

1942లో మిల్లర్ వయసు 38. నిర్బంధంగా సైన్యంలో చేరాల్సిన అవసరం ఆయనకు లేదు. బ్యాండు బాగా సంపాదిస్తోంది. అయినా తానే అడిగి సైన్యంలో చేరారు. సెప్టెంబరులో బ్యాండు ఆఖరి కచేరీ ఇచ్చి విడిపోయింది. సైన్యంలో వైమానిక దళానికి పెద్ద బ్యాండు తయారు చేశారు. 1944 వేసవిలో దానితో ఇంగ్లండు వెళ్ళారు.

లండన్ మీద అప్పుడు జర్మనీ వాళ్ళ ఎగిరే బాంబులు పడుతున్నాయి. బ్యాండు వాళ్ళు మొదట లండన్‌లో స్లోన్ కోర్టు అనే చోట దిగారు. ప్రమాదమని జులై 2న బెడ్‌ఫర్డ్ ఊరికి మారారు. మర్నాడే స్లోన్ కోర్టు మీద బాంబు పడి చాలామంది చనిపోయారు. ఒక్క రోజు తేడాలో బ్యాండు బతికింది.

అక్కడి నుంచి విమాన స్థావరాల్లో సైనికుల కోసం, రేడియోలో అందరి కోసం వాయించారు. డిసెంబరులో బ్యాండు పారిస్ వెళ్ళాల్సి వచ్చింది. ఏర్పాట్లు చూడడానికి మిల్లర్ ముందుగా బయలుదేరారు. 1944 డిసెంబరు 15న ట్విన్‌వుడ్ ఫార్మ్ అనే స్థావరం నుంచి చిన్న విమానం ఎక్కారు. అందులో ఆయనతో కలిపి ముగ్గురు. ఆ విమానం ఇంగ్లిష్ చానల్ దాటలేదు. మనుషులూ దొరకలేదు, విమానమూ దొరకలేదు. ఆయనకు అప్పుడు 40 ఏళ్ళు. డిసెంబరు 24న, అంటే క్రిస్మస్ ముందు రోజు, ఈ వార్త బయటికి చెప్పారు. నాయకుడు లేకుండానే బ్యాండు పారిస్‌లో కచేరీలు చేసింది.

ఆయన ముందే చేసిన పని వల్లే అది సాధ్యమయిందని నాకు అనిపిస్తుంది. పాట అంతా తన ట్రాంబోన్ మీద ఆధారపడి ఉంటే, ఆయన పోగానే బ్యాండు మూగబోయేది. కాగితం మీద రాసిన అమరిక ఉంది కాబట్టి మిగతావాళ్ళు వాయించగలిగారు.

1945లో ఎందుకు?

ఆల్బమ్ 1945లోనే రావడానికి ఇంకో కారణం ఉంది. 1942 ఆగస్టు 1 నుంచి అమెరికా వాద్యకారుల సంఘం రికార్డింగ్ సమ్మె చేసింది. ప్లేట్లూ రేడియోలూ మోగుతుంటే మమ్మల్ని పిలిచేవాళ్ళు తగ్గిపోతున్నారు, కాబట్టి ప్లేట్ల ఆదాయంలో మాకూ వాటా ఇవ్వాలి అని వాళ్ళు అడిగారు. విక్టర్ కంపెనీ 1944 నవంబరులో గానీ ఒప్పుకోలేదు. అన్నాళ్ళూ ఆ కంపెనీ సంఘం వాద్యకారులతో కొత్త ప్లేట్లు చేయలేకపోయింది. మిల్లర్ బ్యాండు చివరిసారి రికార్డు చేసింది 1942 జులైలో, సమ్మెకి రెండు వారాల ముందు. కాబట్టి ఈ ఆల్బమ్‌లో ఉన్నవన్నీ అంతకు ముందు వచ్చిన పాత ప్లేట్లే. ఎక్కువగా 35 సెంట్లకు అమ్మిన చవక ప్లేట్లలోని బాణీల్ని ఏరి ఒక పుస్తకంలో పెట్టారు.

1945 మార్చిలో బిల్‌బోర్డ్ పత్రిక ఎక్కువ అమ్ముడయ్యే ఆల్బమ్‌ల పట్టిక వేయడం మొదలుపెట్టింది. ఆ ఏడాదే ఈ ఆల్బమ్ ఆ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. మే 8న యూరప్‌లో యుద్ధం ముగిసింది. కొందరు ఇంటికి తిరిగి వస్తున్నారు, కొందరు ఇక రారు. నాలుగేళ్ళ క్రితం ఏ పాటకి డాన్సు చేశారో అదే పాట మళ్ళీ వినాలని వాళ్ళకి అనిపించి ఉంటుంది. పాత పాటలు వినడం అప్పుడు కాలక్షేపం మాత్రమే అయి ఉండదు. ‘అమెరికన్ పెట్రోల్’లో సైనికులు దూరమైపోయే చోటు ఆ ఇళ్ళల్లో ఎలా వినిపించిందో ఆలోచిస్తే నాకు మాట రాదు.

జాజ్ బాగా తెలిసిన చాలామంది మిల్లర్‌ని మరీ గొప్పగా చెప్పరు. జాజ్ అంటే అప్పటికప్పుడు మనసులోంచి కట్టి వాయించడం, మన కచేరీలో మనోధర్మం లాగా. మిల్లర్ బ్యాండులో అంతా ముందే రాసి, దిద్ది, అభ్యాసం చేసి పెట్టినదే, క్రమశిక్షణ ఎక్కువ, స్వేచ్ఛ తక్కువ అంటారు. ఆ మాట నిజమే. ‘లిటిల్ బ్రౌన్ జగ్’ ఎన్నిసార్లు విన్నా ఒక్క అంగుళం కూడా పక్కకు జరగదు. అయితే మనోధర్మం ఒక్కటే కొలత అయితే కీర్తన ఎందుకు పాడతాం? రాసినదాన్ని పదిహేను మంది ఒకే ఊపిరితో వాయించడం కూడా చిన్న విద్యేమీ కాదు.

ఇలా చూస్తే అరగంట కూడా లేని ఈ ఆల్బమ్‌లో చాలా చరిత్ర ఉంది. మన దేశపు అడవిలో లక్క గీకినవాళ్ళు ఉన్నారు. బర్మింగ్‌హామ్ కూడలి ఉంది. వాటా అడిగిన వాద్యకారులు ఉన్నారు. విల్బర్ ష్వార్ట్జ్ క్లారినెట్ ఉంది, ఫినెగన్ కాగితాలు ఉన్నాయి. వీళ్ళందర్నీ ఒకచోట కూర్చిన ట్రాంబోన్ మనిషి కూడా ఉన్నారు, వెనక వరుసలో.

ఈ వ్యాసం చదివి ఎవరికైనా వినాలనిపిస్తే ముందు ‘మూన్‌లైట్ సెరెనేడ్’ వినండి. ఆ తర్వాత ‘టక్సెడో జంక్షన్’ రెండు రకాలూ వినండి, హాకిన్స్‌ది ముందు, మిల్లర్‌ది తర్వాత. మీకు ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో చెప్పండి. మన తరగతిలో దాని మీద వాదించుకోవచ్చు.